ధర్మపు పద్దు: వర్తకుల కట్టుబాటు నుంచి కంపెనీల చట్టం దాకా

భారతదేశపు వర్తక చరిత్రలో దానం లాభంలోంచి తీసిన భాగంగా కంటె బేరం మీద విధించుకున్న రేటుగానే ఎక్కువ కాలం నడిచింది. బండెడు ధాన్యానికి ఇంత, పెరికెడు ఉప్పుకు ఇంత, నూలు కట్టకు ఇంత అని ముందే నిర్ణయించుకొని, సరుకు అమ్ముడైనప్పుడల్లా ఆ మొత్తాన్ని విడిగా పద్దు రాసి, గుడికో చెరువుకో సత్రానికో గోశాలకో పంపే ఈ ఆచారం కాకతీయుల నాటి శాసనాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు పత్తి మిల్లుల బిల్లుల్లోనూ అది కొనసాగింది. కార్పొరేట్ సామాజిక బాధ్యత అనే పేరుతో నేడు కంపెనీల వార్షిక నివేదికల్లో చోటు చేసుకున్న వ్యవహారాన్ని పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిన భావనగా చూడటం ఎంత అలవాటైందో, దానిని ప్రాచీన భారతీయ దానగుణానికి కొనసాగింపుగా కీర్తించడమూ అంతే అలవాటైంది. ఈ రెండు చూపులూ అసలు ప్రశ్నను దాటవేస్తాయి: ఇచ్చిన సొమ్ము ఎవరిది, అది చేరవలసిన చోటికి చేరిందో లేదో చూసే అధికారం ఎవరికి ఉండేది?

మధ్యయుగాల తెలుగు నేలలో ఈ అధికారం మొదట వర్తకుల సంఘానిదే. ఒకే వృత్తిలో ఉన్నవారు పరస్పర ఒప్పందంతో ఏర్పరచుకున్న కట్టుబాటునూ, ఆ కట్టుబాటుకు లోబడిన సంఘాన్నీ కూడా శాసనాలు సమయం అనే మాటతోనే పేర్కొంటాయి. ఒక పట్టణంలో స్థిరపడిన స్థానిక వర్తకుల సమూహానికి నకరం అనీ, ఊళ్లు దాటి తిరిగే సార్థవాహుల సమూహానికి నానాదేశి అనీ, వర్తక సమూహానికి బహువచనంలో పెక్కండ్రు అనీ పేర్లు వాడుకలో ఉండేవి. నేటి కర్ణాటకలోని ఐహొళె కేంద్రంగా పేరు పొందిన అయ్యావళి ఐదువందల మంది స్వాముల సంఘం వీటన్నిటిలోకీ ప్రసిద్ధమైనది. దాని శాఖలు దక్షిణాది అంతటా వ్యాపించడమే కాక, సుమత్రా దీవిలోని బారుస్ రేవు దగ్గర దొరికిన 1088 నాటి తమిళ శాసనంలో ఆ సంఘానికి చెందిన వర్తకులు, రేవుకు వచ్చే ఓడల వారు కస్తూరి ధర లెక్కన బంగారం చెల్లించాలని నిర్ణయించినట్లు ఉంది. తమ రాజు పాలన లేని పరాయి తీరంలో సైతం రేటు నిర్ణయించి వసూలు చేయగలిగిందంటే, ఆ సంఘపు కట్టుబాటుకు ఎంత బలముండేదో ఊహించవచ్చు.

గుడికి ఇచ్చే దానం కూడా ఇదే పద్ధతిలో సాగేది. కాకతీయుల కాలపు శాసనాల్లో వర్తక సమయాలు తమ సరుకుల మీద దేవునికి చెల్లించవలసిన మొత్తాలను వరుసగా రాయించేవి. బండి మీద వచ్చిన సరుకుకు ఒక రేటు, ఎద్దు మీద వేసుకొచ్చిన పెరికకు ఒక రేటు, తలమూటకు మరొక రేటు ఉండేవి. మాడ, రూక, వీసం వంటి నాణేల లెక్కలో ఈ మొత్తాలు చాలా చిన్నవి. అయితే అవి వ్యక్తి ఔదార్యంపై ఆధారపడినవి కావు. ఒక వర్తకుడికి ఆ ఏడు నష్టం వచ్చినా సరుకు అమ్మినంతవరకు దేవుని వాటా చెల్లించవలసిందే. మరొకడికి అనుకోని లాభం వచ్చినా రేటు పెరగదు. రాతి మీద చెక్కించడం వల్ల ఆ ఏర్పాటు మనుమల కాలానికీ కట్టుబాటు అయ్యేది, గుడి స్థానాపతులకు అడిగి వసూలు చేసుకొనే హక్కు దక్కేది. ఇచ్చేవాడికి కీర్తి, పుచ్చుకొనేవాడికి హక్కు అనే ఈ జంట ఏర్పాటులో రెండోదే ముఖ్యమైనదని చెప్పాలి, ఎందుకంటే పుచ్చుకొనేవాడు అడిగే వీలున్నచోటనే దానం పద్దుగా మారుతుంది.

సంఘపు కట్టుబాటుకు రాజు ఇచ్చే హామీ కూడా తోడు కావాలన్న అవగాహనకు బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి గొప్ప సాక్ష్యం. అక్కడి వీరభద్రాలయంలోని స్తంభంపై కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, చెక్కించిన శాసనం అభయ శాసనంగా పేరు పొందింది. పూర్వపు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాల వంటి సరుకంతటినీ లాగేసుకొనేవారనీ, ధనాన్ని ప్రాణం కంటె మిన్నగా ఎంచి సముద్రయానపు ముప్పును తలకెత్తుకొన్న వర్తకుల మీద దయతోనూ, కీర్తి కోసమూ ధర్మం కోసమూ తాను నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నాననీ రాజు అందులో ప్రకటించాడు. దిగుమతి, ఎగుమతి సరుకులపై సుంకం ముప్పయ్యో వంతు. చందనం, దేశీ కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు ఇలా ఒక్కో సరుకుకు విడివిడి రేట్లు ఆ రాతి మీద కనిపిస్తాయి. దయ, ధర్మం అన్న మాటలు శాసనకర్త మర్యాదకు రాసినవైనా, వాటి వెనుక స్పష్టమైన వ్యాపార బుద్ధి ఉంది: రేటు ముందే తెలిస్తేనే ఓడ వస్తుంది, రేటుకు మించి ఎవరూ లాగరన్న నమ్మకం ఉంటేనే మళ్లీ వస్తుంది. తరువాతి తరంలో ఈ రేవును ముత్ఫిలి పేరుతో వర్ణించిన మార్కో పోలో ఆ రాజ్యపు వజ్రాలనూ సన్నని నూలుబట్టలనూ మెచ్చుకోవడం ఆ నమ్మకం ఫలించిందనడానికి గుర్తుగా చెప్పుకోవచ్చు.

కాకతీయ రాజ్యం కూలిన తరువాత అదే రేవులో 1358లో కొండవీటి అనపోతారెడ్డి తన సొంత హామీని రాయించవలసి వచ్చింది. మోటుపల్లిలో స్థిరపడదలచిన వర్తకులకు నేల ఇస్తామనీ, వెళ్లిపోదలచిన వారిని బలవంతంగా ఆపబోమనీ, సరుకును తమకు నచ్చిన వారికి అమ్ముకోవచ్చనీ, సంతానం లేకుండా చనిపోయిన వర్తకుడి ఆస్తిని రాజు స్వాధీనం చేసుకొనే అపుత్రిక పద్ధతిని ఎత్తివేస్తున్నామనీ అందులో ఉంది. ఈ రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఆ కాలపు దృష్టిలో వ్యాపార నీతి అంటే వర్తకుడు ఒక్కడే పాటించవలసినది కాదనీ, బలవంతుడైన రాజు వర్తకుడి పట్ల, వర్తకుడు కొనుగోలుదారు పట్ల, సంఘం గుడి పట్ల ఒకే రకం మాట నిలబెట్టుకోవడంగా దానిని అర్థం చేసుకొన్నారనీ తెలుస్తుంది. అంతకు ఎంతో ముందే కౌటిల్యుడి అర్థశాస్త్రం స్వదేశీ సరుకుపై నూటికి ఐదు, పరదేశీ సరుకుపై నూటికి పది మించి లాభం తీయరాదని నియమించి, దొంగ తూకాలకు జరిమానాలు చెప్పింది. అయితే ఆ నియమం రాజోద్యోగి అమలు చేయవలసినది. వర్తక సమయపు పద్దు మాత్రం వర్తకులే తమ మీద వేసుకున్నది, ఆ తేడా చిన్నది కాదు.

విజయనగర కాలం, ఆపై గోల్కొండ సుల్తానుల కాలం ఈ పద్ధతిని పెద్దగా మార్చలేదు. 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మాత్రం తెలుగు తీరానికి వేరే రకం సంస్థను తెచ్చింది: వాటాదారులు సముద్రం అవతల, వ్యాపారం ఇక్కడ, లాభం లెక్కించేది లండన్‌లో. తాను వ్యాపారం చేసే ఊరి గుడికి గానీ చెరువుకు గానీ అలాంటి సంస్థకు కట్టుబాటు ఏదీ లేదు. దాని నీడలో పెరిగిన మద్రాసు దుబాసీలు, అంటే కంపెనీకీ స్థానికులకూ మధ్య అనువాదమూ మధ్యవర్తిత్వమూ చేసి ధనవంతులైన వారు, దానాన్ని పాత పద్ధతికి బదులు వీలునామాల ద్వారా చేయడం మొదలుపెట్టారు. వారిలో ప్రసిద్ధుడైన పచ్చయప్ప ముదలియార్ 1794లో చనిపోతూ తన ఆస్తిలో అధిక భాగాన్ని గుళ్లకూ ధర్మకార్యాలకూ రాసి వెళ్లాడు. సొమ్మును చూసే సంఘం లేకపోవడంతో వ్యవహారం కోర్టులకెక్కి దశాబ్దాలు నలిగింది. చివరికి మద్రాసు సుప్రీంకోర్టు పర్యవేక్షణలో మిగులు సొమ్మును విద్యకు మళ్లించగా, 1842లో ఆ నిధితో పాఠశాల తెరుచుకుంది, అదే తరువాత పచ్చయప్ప కళాశాల అయింది. ఔదార్యంలో ఏ మధ్యయుగపు దాతకూ తీసిపోని వ్యక్తి ఇచ్చిన సొమ్ము అర్ధ శతాబ్దం పాటు చదువుకు పనికిరాకుండా ఉండటానికి కారణం, అడిగి తీసుకొనే హక్కు ఎవరికీ స్పష్టంగా లేకపోవడమే.

బేరం మీద రేటు వేసే పాత పద్ధతి అప్పటికీ పోలేదు. బొంబాయిలో 1832లో వీధికుక్కలను చంపించే ఉత్తర్వుపై అల్లర్లు చెలరేగిన తరువాత, 1834లో పార్సీ వర్తకుడు జంషెడ్జీ జీజీభాయ్, జైన, వైష్ణవ వర్తకులతో కలిసి పశువుల రక్షణకు పాంజరపోల్‌ను స్థాపించినప్పుడు, దాని నిర్వహణకు పత్తి వంటి సరుకుల వ్యాపారంపై ఒక చిన్న రుసుమును వర్తకులంతా ఒప్పుకొని పెట్టుకున్నారు. తమిళనాడులో విరుదునగర్ నాడార్ వర్తకులు అమ్మకాలపై మహమై అనే పేరుతో ఇలాంటి రుసుమునే వసూలు చేసుకొని, ఆ నిధితో 1889లో క్షత్రియ విద్యాశాలను స్థాపించారు. తరువాతి కాలంలో మద్రాసు ముఖ్యమంత్రి అయిన కామరాజ్ చదివింది ఆ బడిలోనే. అంటరానితనపు అవమానాలు భరిస్తూ వచ్చిన ఒక కులం తన వ్యాపారపు సొమ్ముతో తన పిల్లలకు చదువు కట్టించుకున్న ఈ ఉదాహరణ, పాత పద్దు ఎంత శక్తిమంతమైనదో చూపడమే కాక దాని హద్దును కూడా చూపుతుంది: సంఘం ఎవరిదో మేలు వారిదే.

ఉత్తరాదిన ధర్మాదా అనే పేరుతో స్థిరపడిన ఈ పద్దుకు ఇంగ్లీషు న్యాయశాస్త్రంతో చిక్కు వచ్చింది. 1890 నాటి ధర్మాదాయ నిధుల చట్టం దానాన్ని పేదల ఉపశమనం, విద్య, వైద్యం, సర్వజనోపయోగం అనే కోవల్లోకి కుదించి, కేవలం మతపరమైన వాటిని పక్కకు పెట్టింది. 1899లో ప్రీవీ కౌన్సిల్ రణ్‌ఛోడ్‌దాస్ వ్యాజ్యంలో, వీలునామాలో ఆస్తిని ధర్మానికి వినియోగించాలని మాత్రమే రాస్తే ఆ మాటకు నిర్దిష్టమైన అర్థం లేదని దానిని చెల్లదని తీర్పు చెప్పింది. వర్తకుడి ఖాతాపుస్తకంలో ఎంతో ఖచ్చితమైన అంకెగా ఉన్న పద్దు, న్యాయమూర్తుల దృష్టిలో అస్పష్టమైన ఊహ అయిపోయింది.

అయితే ఈ పద్దును నిర్దోషమైనదిగా చిత్రించడం అన్యాయం. మార్కెట్లలో పంట అమ్ముకోవడానికి వచ్చిన రైతు చేతికి దక్కే సొమ్ములోంచి దళారి రుసుము, తూకపు రుసుము, హమాలీ, తరుగు, వాటితో పాటు ధర్మం పేరిట కోత కూడా పడేది. ఆ సొమ్ముతో కట్టిన సత్రం మీద పేరు మాత్రం షావుకారుది. లిన్‌లిత్‌గో అధ్యక్షతన పనిచేసిన వ్యవసాయ రాయల్ కమిషన్ 1928లో సమర్పించిన నివేదిక ఇలాంటి కోతలను ఎత్తిచూపి, నియంత్రిత మార్కెట్లు ఏర్పాటు చేయాలని సిఫార్సు చేసింది. హైదరాబాదు సంస్థానంలో 1930లోనూ, ఆంధ్ర జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాష్ట్రంలో 1933లోనూ మార్కెట్ చట్టాలు వచ్చాయి. శాసనాల కాలంలో సంఘం తన మీద తాను వేసుకున్న రేటు, అప్పటికి సంఘంలో లేనివాడి మీద పడే కోతగా మారింది. రైతుకు అందులో మాట లేదు, అడిగే హక్కు లేదు, కీర్తి అంతకన్నా లేదు.

ఫ్యాక్టరీ వచ్చాక బాకీ ఎవరికి అన్న ప్రశ్న దిశ మారింది, ఎందుకంటే సరుకు కొనేవాడు, అమ్మేవాడు కాక, ఆ సరుకును తయారుచేసే కూలీ వేల సంఖ్యలో ఒకే గోడల మధ్య కనిపించసాగాడు. జంషెడ్జీ టాటా 1877లో నాగపూర్‌లో ప్రారంభించిన ఎంప్రెస్ మిల్లులో 1886లో పింఛను నిధిని, 1895లో ప్రమాద పరిహారాన్ని ఏర్పాటు చేశారు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలైంది. దేశమంతటికీ అది చట్టమైంది 1948లో. ఈ తేదీలను కంపెనీ చరిత్రకారులు గర్వంగా చెప్పుకోవడం సహజమే గానీ, అదే జంషెడ్‌పూర్‌లో 1920, 1922, 1928 సంవత్సరాల్లో పెద్ద సమ్మెలు జరిగాయన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. యజమాని తనంత తానుగా ఇచ్చినదానికీ కూలీ అడిగి సాధించుకున్నదానికీ మధ్య తేడాను కూలీలు మరిచిపోలేదు.

ఆ తేడా 1918లో అహ్మదాబాదులో అన్నింటికన్నా స్పష్టంగా బయటపడింది. ప్లేగు కాలంలో కూలీలు ఊరు విడిచిపోకుండా ఆపడానికి మిల్లు యజమానులు ఇచ్చిన ప్రత్యేక బోనసును తీసివేయగా, నేతపనివారు యాభై శాతం పెంపు అడిగారు, యజమానులు ఇరవై అన్నారు, గాంధీ లెక్కలు చూసి ముప్పయి ఐదు న్యాయమని తేల్చారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కూలీల పక్షాన ఆయన సోదరి అనసూయ నిలిచిన ఆ వివాదంలో గాంధీ మూడు రోజులు నిరాహారదీక్ష చేశాక విషయం మధ్యవర్తిత్వానికి వెళ్లి, చివరికి ముప్పయి ఐదు శాతమే నిలబడింది. 1920లో అక్కడ పుట్టిన కార్మిక సంఘానికి మజూర్ మహాజన్ అన్న పేరు పెట్టడం గమనించదగినది, ఎందుకంటే గుజరాతులో మహాజన్ అనేది వర్తకుల సంఘానికి పేరు. కట్టుబాటు చేసుకొనే హక్కు వర్తకుడికే కాదు కూలీకీ ఉందని ఆ పేరే చాటింది. గాంధీ ఆ తరువాత విస్తృతంగా ప్రచారం చేసిన ధర్మకర్తృత్వ సిద్ధాంతం, అంటే ధనికుడు తన అవసరాలకు మించిన సంపదకు యజమాని కాక సమాజం తరఫున కాపలాదారు మాత్రమే అనే భావన, వ్యాపారవేత్తలకు ప్రియమైంది. ఆ ప్రియత్వంలో కొంత సౌకర్యం కూడా ఉంది: అహ్మదాబాదు మధ్యవర్తిత్వంలో ఉన్న నిలదీసే పక్షం ధర్మకర్తృత్వ సిద్ధాంతంలో కనిపించదు. జయప్రకాశ్ నారాయణ్ చొరవతో 1965లో ఢిల్లీలో వ్యాపార సంస్థల సామాజిక బాధ్యతలపై జరిగిన సదస్సు ఆ భావనను కంపెనీల భాషలోకి తీసుకురావడానికి ప్రయత్నించింది, దాని ప్రకటన ఆలోచనాపరులు మెచ్చుకునేదిగా ఉన్నా ఎవరినీ కట్టడి చేయలేదు.

ఈ మధ్యలో పాత ధర్మాదాకు ఊహించని చోట న్యాయం జరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని హాథ్‌రస్‌కు చెందిన బిజ్లీ కాటన్ మిల్స్ కొనుగోలుదారుల నుంచి నూలు కట్టకు ఒక అణా, పత్తి బేలుకు రెండణాల చొప్పున ధర్మాదా వసూలు చేస్తే, ఆదాయపు పన్ను శాఖ దానిని కంపెనీ రాబడిగా లెక్కగట్టింది. 1970ల చివర సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. కొనేవాడు ఆ అణాను సరుకు ధరగా కాక ధర్మానికే అని ఇస్తున్నాడు గనుక అది మొదటి క్షణం నుంచే మిల్లు సొమ్ము కాదనీ, మిల్లు దానిని అప్పగింతగా పుచ్చుకొని గమ్యానికి చేర్చేదే తప్ప దానికి హక్కుదారు కాదనీ కోర్టు తేల్చింది. ధర్మమన్న మాట అస్పష్టమన్న 1899 నాటి అభ్యంతరానికి కూడా, వర్తకుల వాడుకలో దానికి స్థిరమైన అర్థం ఉందని బదులిచ్చింది. మోటుపల్లి కాలపు పెక్కండ్రు ఆ తీర్పును చదివి ఉంటే అందులో కొత్తదేమీ లేదనుకునేవారు.

ఇచ్చే చేయి, బేరం చేసే చేయి వేరువేరు ఖాతాల్లో ఉంటే ఏమవుతుందో హైదరాబాదు 2009 జనవరి 7న చూసింది. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ వ్యవస్థాపక ఛైర్మన్ రామలింగరాజు ఆనాడు రాసిన లేఖలో, కంపెనీ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనివేనని ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీకి పాలనా ప్రమాణాలకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. ఆ కుటుంబం స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల గ్రామాల్లో మంచినీటి శుద్ధి కేంద్రాలు పెట్టింది. 2005లో ఆరంభమైన 108 అంబులెన్స్ సేవకు పునాది వేసిన సంస్థ కూడా వారిదే. ఆ సేవ జీవీకే సంస్థ చేతుల్లోకి వెళ్లి అనేక రాష్ట్రాలకు విస్తరించింది, వేల ప్రాణాలు కాపాడింది, ఆ మేలు నిజమైనదే. లెక్కల మోసమూ అంతే నిజమైనది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజును దోషిగా తేల్చగా, అప్పీలు దశలో శిక్ష అమలు నిలిచింది. దాతృత్వాన్ని ముసుగుగా తేలిగ్గా కొట్టిపారేయడం చాలామంది చేసిన పని, కానీ ఆ ఆరోపణ కన్నా కలవరపరిచేది మరొకటి: ఆ మేలు చేయడానికి లెక్కలు సరిగా ఉండవలసిన అవసరమే ఆ ఏర్పాటులో ఎక్కడా లేదు, వాటాదారులకు సమాధానం చెప్పవలసిన పద్దు, గ్రామాలకు చేరిన పద్దు ఒకదానినొకటి ప్రశ్నించలేదు.

సత్యం మోసం బయటపడిన 2009 డిసెంబరులోనే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కార్పొరేట్ సామాజిక బాధ్యతపై స్వచ్ఛంద మార్గదర్శకాలు విడుదల చేసింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఆ బాధ్యతను తప్పనిసరి చేసి, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్క పరిమితిని చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం షెడ్యూలు ఏడులో పేర్కొన్న పనులకు ఖర్చు చేయాలి. మొదట్లో ఖర్చు చేయకపోతే కారణం రాస్తే సరిపోయేది గానీ, 2021 జనవరి నుంచి మిగిలిన సొమ్మును నిర్దేశించిన నిధులకు బదిలీ చేయకపోతే జరిమానా పడుతుంది. కంపెనీ తన ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట కూడా చట్టంలో ఉంది. అయితే రోజువారీ వ్యాపారంలో భాగమైన పనులు ఈ రెండు శాతంలోకి రావు. అంటే సరుకు నాణ్యత, జీతాల చెల్లింపు, కాలువలోకి వదిలే మురుగు, సరఫరాదారుకు ఇవ్వవలసిన బకాయి ఇవేవీ ఈ పద్దులో కనిపించవు. వాటి లెక్క వేరే చట్టాలకు, వేరే ఇన్‌స్పెక్టర్లకు, మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలకైతే సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసిన వేరే నివేదికకు చెందుతుంది. కాకతీయుల నాటి సమయం తూకాన్నీ దానాన్నీ ఒకే కట్టుబాటు కింద ఉంచితే, చట్టం వాటిని విడదీసి దానం వైపు మాత్రమే రేటు నిర్ణయించింది. పాత పద్ధతిలో గుడి స్థానాపతికి ఉన్న అడిగే హక్కు ఇప్పుడు ఏ గ్రామానికీ లేదు. ఖర్చు ఎక్కడ, ఎలా అన్నది కంపెనీ డైరెక్టర్ల కమిటీ తేలుస్తుంది.

సొమ్ము ఎవరిది అన్న విషయంలోనూ పన్ను చట్టం హాథ్‌రస్ తీర్పుకు సరిగ్గా ఎదురు దిశలో నిలిచింది. 2014లో ఆదాయపు పన్ను చట్టంలోని 37వ సెక్షన్‌కు చేర్చిన వివరణ ప్రకారం, 135వ సెక్షన్ కింద చేసిన ఖర్చును వ్యాపార ఖర్చుగా లెక్కగట్టి లాభంలోంచి తీసివేయడానికి వీల్లేదు. ఆ ఖర్చు ఆదాయాన్ని సంపాదించడానికి చేసింది కాదనీ, సంపాదించాక వినియోగించిన తీరు మాత్రమేననీ ప్రభుత్వ వాదన. నూలు కట్ట మీద అణా మొదటి నుంచీ మిల్లుది కాదు గనుక దాని మీద పన్ను లేదు. రెండు శాతం మాత్రం చివరిదాకా కంపెనీదే గనుక, ఆ సొమ్ము బడికి గానీ ఆసుపత్రికి గానీ వెళ్లకముందే దానిపై పన్ను చెల్లించాలి.